చిక్కెం దొర పాట

మొన్న మా మనవడు ఒక చదరపు అట్టపెట్టె పట్టుకొని ఇంట్లోకి వచ్చాడు. పిజ్జా అనుకొని నేను చేతులు కడుక్కొని వచ్చి కూర్చున్నాను. విప్పితే రికార్డు. నల్లటి, పాత రికార్డు. ఎవరో వాడుకొని అమ్మేసిందాన్ని వీడు ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకున్నాడట. దాన్ని వాయించే పెట్టె మాత్రం ఇంట్లో లేదు.

"మరేం జేస్తవ్‌రా దీన్ని?"

"గోడకు పెడ్త తాతా. మస్తుంటది."

"పాట వినకుండ పాటగాణ్ణి గోడకు ఏలాడదీస్తవా? దండ గూడ ఎయ్యి మరి."

వాడు నవ్వి ఆ పాటగాడి గొప్పలు చెప్పడం మొదలుపెట్టాడు. తన పాటలు తానే కట్టుకొని, తానే పాడుకుంటాడట. వాళ్ల పల్లెపాటలకు రాక్ సంగీతం కలిపిన వాళ్లలో పెద్ద పేరట. ప్రపంచమంతా తెలుసట. నేను కళ్లద్దాలు పెట్టుకొని అట్ట మీద బొమ్మ చూశాను. దువ్వని జుట్టు, గిటారు, మెడకు తగిలించిన ఇనుప తీగ, ఆ తీగకు మూతి ముందర మౌత్ ఆర్గాన్.

"ఈయన నాకెరుకే," అన్నాను. "మన సిద్దిపేట చుట్టుపక్కల ఆడోళ్లందర్ని ఏడిపిచ్చిండు."

మనవడు నన్ను ఎగాదిగా చూశాడు. వంటింట్లోంచి నా కోడలు, "మీ తాత మల్ల షురూ జేసిండు," అంది.

జోకు కాదు. జరిగిందే చెప్తున్నాను.

మాది నేత పని చేసే వాడకట్టు. పొద్దున లేస్తే గంజి వాసన. నూలుకు గంజి పట్టించి వీధి పొడుగునా సాగదీసి ఆరబెట్టేవారు. పిల్లలం దాని కింది నుంచి వంగి పోవాలి. తల తగిలిందంటే ఎవరో ఒకరు మన తాత దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టేవారు. బాపుది, అంటే మా నాన్నది, గుంట మగ్గం. కాళ్లు గుంటలో, నడుము పైభాగం బయట. చాలా చిన్నప్పుడు మా బాపుకు కాళ్లు లేవనే అనుకునేవాణ్ణి. ఒకరోజు నన్ను కొట్టడానికి లేచి వెంబడిస్తే అప్పుడు తెలిసింది, ఉన్నాయని, బాగా పరుగెత్తుతాయని.

బడి నాకు ఆరో తరగతితో సరి. లెక్కల సారు ఏదో ప్రశ్న అడిగితే "మీకు తెల్వదా సార్?" అన్నాను. పిల్లలందరూ నవ్వారు. సారు నవ్వలేదు. బడిలో అదే నా చివరి ఆట. తర్వాత కొన్నాళ్లు మగ్గం మీద కూర్చోబెట్టారు గానీ, నేను మాట్లాడుతూ నేస్తే పోగులు తెగేవి, మాట్లాడకుండా నేయడం నాకు చేత కాదు.

మీసం మొలిచీ మొలవని వయసులో నాకూ నా దోస్తుకూ ఒక మైకు సెట్టు దొరికింది. దాన్ని నడిపే ఆయన దుబాయి పోతూ పోతూ, "ఇగ గిది నాకెందుకు, మీరే ఏడ్వుండ్రి," అని ఇచ్చేసి పోయాడు. ఒక ఆంప్లిఫయరు, రికార్డులు తిప్పే పెట్టె, బ్యాటరీ, ఒకే ఒక్క హారను. ఆంప్లిఫయరు వేడెక్కితే కాలిన దుమ్ము వాసన వచ్చేది. ఆ వాసన నాకు అత్తరు.

బజారులో ఇంకొకాయన మైకు సెట్టు ఉండేది. ఆయనకు మూడు హారన్లు. ఊరంతా ఆయనను మూడు హారన్ల ఆయన అనే పిలిచేది. మా ఒక్క హారను చూసి, "గది హారనా, నూనె పోసే గరాటా?" అనేవాడు.

బాపు నాకు ఒక గడువు పెట్టాడు. మా వీధి చివరింటాయన భీవండిలో సాంచెలు నడిపేవాడు. సాంచెలంటే కరెంటు మగ్గాలు. వరసకు మామ. ప్రతి ఎండాకాలం ఇంటికి వచ్చి, వానలు పడేసరికి ఊళ్లోని ఖాళీ పిల్లలను వెంటేసుకొని పోయేవాడు. బాపు అన్నాడు:

"ఈ పెండ్లిండ్ల కాలం అయ్యేలోపల నీ సెట్టు నీకింత బువ్వ పెట్టాలె. లేకుంటే మామ ఎంబడి బస్సెక్కాలె. గంతే."

భీవండి మామ తెల్లటి పైజామా వేసుకొని, పాన్ నములుతూ అక్కడి ముచ్చట్లు చెప్పేవాడు. "అరే, షెడ్డుల నిలబడ్డవంటే నీ మాట నీకే ఇనబడది. సైగలే. ఆకలైతె సైగ, దూపైతె సైగ." మిగతా పిల్లలు బొంబాయి దగ్గరే కదా అని సంబరపడేవారు. నాకు ఉన్నదే నోరు. దాన్ని మూసుకొని సైగలతో బతకాలంటే నన్ను గుంటలో పెట్టి పూడ్చినట్టే.

రికార్డుల కోసం దోస్తూ నేనూ పట్నం పోయాం. జుమేరాత్ బజారులో పాత రికార్డులు వంకాయల్లాగా తూకానికి అమ్ముతున్నారు. ఏరుకోవడానికి లేదు. కట్టకు కట్టే తీసుకోవాలి. ఇంటికి తెచ్చి విప్పితే హిందీ పాటలు కొన్ని, తెలుగువి కొన్ని, దేవుడివి రెండో మూడో. వాటి మధ్యలో ఈ తెల్లాయన.

వాడకట్టంతా చూడటానికి వచ్చింది. మౌత్ ఆర్గాన్ తగిలించుకున్న ఆ తీగ ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. ఎడ్లు దున్నేటప్పుడు చేను మేయకుండా మూతికి తాళ్లబుట్ట కడతారు కదా, చిక్కెం అంటాం.

"ఈయనకు చిక్కెం ఎందుకు గట్టిండ్రు?" అన్నాడు దోస్తు.

"పక్కోని చేన్ల పడి మేసిండేమో," అన్నాను.

అంతే, ఆయన పేరు చిక్కెం దొర అయిపోయింది.

సాయంత్రం రికార్డు పెట్టాం. దొర ముక్కుతో, గొంతుతో, రెండింటికీ మధ్య ఎక్కడినుంచో పాడాడు. ఆడవాళ్లు మూతి తిప్పుకొని పోయారు. మా నాయనమ్మ మాత్రం ఇంటి ముందరి గద్దె మీద కూర్చొని చివరిదాకా విన్నది.

"కథ చెప్తుండు," అంది.

"నీకు ఇంగిలీషెప్పుడొచ్చె నాయినమ్మా?"

"ఇంగిలీషెందుకురా? ఒక్కతీరుగ పాడుతుండు, ఆగుతుండు, ఊపిరి వీల్చుకుంటుండు, మల్ల అందుకుంటుండు. మన శారదకథలోళ్లు గిట్లనే గదా చెప్పేది. అన్నదమ్ములు పాలు పంచుకుంటున్నరు. ఇగో, ముసలి తల్లిని ఎవలు సాకాలె అన్న కాడికొచ్చింది," అని మా బాపు వైపు ఓరగా చూసింది. బాపు గుంటలోకి ఇంకాస్త దిగాడు.

మాకు మొదటి పెళ్లి కొండపాకలో దొరికింది. మూడు హారన్ల ఆయనకు ఆ రోజు వేరే ఊళ్లో పని ఉండబట్టి మా దాకా వచ్చింది. ఆ రోజుల్లో మైకు సెట్టు లేని పెళ్లి లేదు. ఎక్కడ ఏం జరుగుతోందో రికార్డే ఊరికి చెప్పేది. దేవుడి పాట వస్తే పని మొదలైందని, హుషారు పాట వస్తే మగపెళ్లివారు దిగారని. ఇక అప్పగింతల పాట వస్తే పొలాల్లో ఉన్నవాళ్లు కూడా పని ఆపి వచ్చేవారు. ఆ పాట పడితే గానీ ఆడవాళ్లు ఏడుపు మొదలుపెట్టరు. ఏడవకుండా పిల్లను పంపితే, కన్నవాళ్లకు పిల్ల బరువైందని మగపెళ్లివారు దెప్పుతారు.

పొద్దంతా బాగానే నడిచింది. బగారన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు మా దగ్గరికే తెచ్చి పెట్టారు. తిన్న మత్తులో రికార్డుల పెట్టెను ఎవరం నీడకు జరపలేదు. అప్పగింతల వేళకు రికార్డు తీస్తే అప్పడంలాగా లేచి ఉంది. ఎండకు పెట్టెలోవన్నీ అలాగే వంకర పోయాయి. పెడితే ముల్లు ఎగిరి అవతల పడింది.

పెళ్లికూతురు గడప దగ్గర నిలబడింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని సిద్ధంగా ఉంది. లారీ క్యాబిన్‌లో పెళ్లికొడుకు అప్పటికే ఎక్కి కూర్చున్నాడు, డ్రైవరు హారను కొడుతున్నాడు.

"ఏందిరా, పాట రాదా? ఎంతసేపు నిలవడాలె పిల్ల?" అని ఎవరో అరిచారు.

పనికిరాదని పెట్టెలో పెట్టకుండా నీడలో, గోనెసంచి కింద పడేయడం వల్ల చెడిపోని రికార్డు ఒక్కటే. చిక్కెం దొర. దోస్తు నా మొఖం చూశాడు, నేను వాడి మొఖం చూశాను. చివరి పాట మీద ముల్లు పెట్టాను. మిగతావాటికన్నా అది కొంచెం నిదానం అని గుర్తు.

ముందు మౌత్ ఆర్గాన్ వచ్చింది. దూడ తప్పిపోయిన ఆవులాగా సాగదీసి సాగదీసి. జనం హారను వైపు తిరిగారు. కర్రలు ఎక్కడున్నాయా అని నేను చూసుకుంటున్నాను. తర్వాత దొర అందుకున్నాడు. ఒక ముసలమ్మ ముక్కు చీదింది.

"పాపం, ఎవల కొడుకో. మన పిల్ల కోసం ఎంత గోస వడుతుండు!"

ఇంకేముంది, కట్ట తెగింది. తల్లి, పిన్నులు, మేనత్తలు, ఆఖరికి లారీలో పెళ్లికొడుకు తల్లి కూడా. లారీ డ్రైవరు తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ఆ ఇంటాయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఏం పాట తెచ్చినవ్‌రా! మా ఇంట్ల గింత ఏడుపు ఎన్నడు గాలె," అన్నాడు. అంతకు మించిన మెచ్చుకోలు నాకు ఆ తర్వాత కూడా దొరకలేదు.

పేరు పాకింది. ఇక బతికిపోయాననుకున్నాను. కానీ జనం మాకన్నా తెలివైనవాళ్లు. పెళ్లంతటికీ మూడు హారన్ల ఆయనను మాట్లాడుకొని, అప్పగింతలకు మాత్రం మాకు కబురు పెట్టేవారు. "సెట్టు అద్దు, గా తెల్లోని పాటొక్కటి పట్కరా బిడ్డా. అన్నం దిని పోదువు." రికార్డును తడి తువ్వాలలో చుట్టి చంకలో పెట్టుకొని బస్సెక్కేవాణ్ణి. కోహెడ బస్సులో కండక్టరు, "పిల్లగానికి టికెట్ దీస్తవా?" అనేవాడు. "పాలు తాగే పిల్లగాడు సార్," అనేవాణ్ణి. అక్కడికి పోతే మూడు హారన్ల ఆయన తన పెట్టె మీద నా రికార్డు పెట్టనివ్వడానికి పెళ్లికొడుకు కన్నా ఎక్కువ అలిగేవాడు.

అందరినీ ఏడిపించి, అన్నం తిని, ఇంటికొచ్చేవాణ్ణి. బాపు మగ్గం మీదనుంచి అడిగేవాడు:

"ఎంతమందిని ఏడిపిచ్చినవ్ ఇయ్యాల?"

"ఊరందర్ని, బాపూ."

"ఊర్లు వట్టుకొని తిరుగుడు, ఏడిపిచ్చుడు, తిని వచ్చుడు. గిదొక పనా? ఇంట్లోళ్లను ఏడిపిస్తున్నది సాలదా?"

భీవండి మామ నా కోసం ఒక సాంచె మాట్లాడి పెట్టానని చెప్పిపోయాడు. నా దగ్గర చెప్పుకోవడానికి ఒక్క పూర్తి బేరం కూడా లేదు. ఆ కాలంలో మిగిలింది ఒకటే పెళ్లి. మా అక్కది.

అక్క నాకన్నా కొంచెం పెద్దది. నన్ను కొట్టే హక్కు తనది, ఇంకెవరైనా కొడితే వాళ్లను కొట్టే పని కూడా తనదే. ఆమె పెళ్లికి మన సెట్టే కదా అని నేను హారనుకు వెండి రంగు పూస్తూ కూర్చున్నాను. అప్పుడు బాపు వచ్చి, తలకాయ ఎటో పెట్టి అన్నాడు:

"మైకుకు మూడు హారన్ల ఆయిన్ను మాట్లాడిన."

బ్రష్షు చేతిలో అలాగే ఉండిపోయింది. అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి దగ్గర్నుంచి వచ్చి, "గదేంది? ఇంట్ల పిల్లగాడుండంగ?" అంది.

"ఒక్క హారను వెట్టి నవ్వులపాలు గావాల్నా? పెద్ద పెండ్లి. పదిమందొస్తరు."

ఊళ్లు పిలవకపోవడం వేరు. సొంత బాపు పిలవకపోతే ఇక ఎవరు పిలుస్తారు? దోస్తు ఆ సాయంత్రమే బ్యాటరీ తీసి పక్కన పెట్టాడు. అవ్వ చెప్పకుండానే నా బట్టలు ఉతికి ట్రంకు పెట్టెలో సర్దింది. అక్క అన్నీ చూసింది. చేతులకు పసుపు రాసుకొని కూర్చున్న పిల్ల ఏమంటుంది అనుకున్నాను.

పెళ్లి రోజు మూడు హారన్లు మూడు దిక్కుల మొత్తుకున్నాయి. నేను నీళ్లు పోశాను, విస్తళ్లు వేశాను, బావ చెప్పులు దాచాను. భీవండి మామ మగపెళ్లివారి మధ్య కూర్చొని బస్సు సంగతి మాట్లాడుతున్నాడు.

మా వాడకట్టులో ఒక రివాజు ఉండేది. పిల్ల గడప దాటే ముందు తండ్రి చెయ్యి చాపి, "ఏం గావాలె బిడ్డా, కోరుకో," అంటాడు. పిల్ల బిందెనో, దూడనో, ఒక చీరనో అడుగుతుంది. అవన్నీ ముందే అనుకున్నవే, పక్కన తయారుగా ఉంటాయి కూడా. కానీ ఆ గడప మీద, పదిమంది ముందర, పిల్ల అడిగింది కాదనడానికి లేదు. అక్క బిందె అడగాలి. ఇత్తడి బిందె తోమి తలుపు పక్కన పెట్టి ఉంది.

"ఏం గావాలె బిడ్డా?" అన్నాడు బాపు.

అక్క బిందె వైపు చూడలేదు.

"తమ్ముని పాట గావాలె."

నవ్వులు లేచాయి. బాపు కూడా నవ్వి, "ఓసి, గింతేనా? పెట్టుమంట," అన్నాడు.

"ఒక్కసారి గాదు బాపూ. నేను పుట్టింటికొచ్చినప్పుడల్ల గా పాట ఇనాలె. మనింట్ల, మన సెట్టు మీద. తమ్ముడే పెట్టాలె. ఇంకెవలు పెట్టినా నేనిన."

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. ఆమె ఎప్పుడు వచ్చినా తమ్ముడు ఇంట్లో ఉండాలంటే ఏమిటో అక్కడున్న అందరికీ ఎక్కింది. బాపుకు అందరికన్నా ముందే ఎక్కింది. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. లారీ హారను కొట్టింది. అక్క గడప పట్టుకొని కదల్లేదు.

"బిందె తీస్కో బిడ్డా," అన్నాడు బాపు మెల్లగా.

"బిందె నువ్వే ఉంచుకో బాపూ."

చివరికి బాపు ఆమె చేతిలో చెయ్యి వేశాడు. "సరే," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, పెళ్లి మొత్తం మీద మొదటిసారి నాతో మాట్లాడాడు. "నిలవడి సూస్తవేందిరా? ఆ మూడు హారన్లు బంద్ వెట్టమను. నీ సెట్టు గట్టు."

పాన్ నోట్లో పెట్టుకొనే భీవండి మామ, "అరె, మల్ల నా సాంచె?" అన్నాడు.

నాయనమ్మ అందుకుంది. "నీ సాంచె నువ్వే నడుపుకో."

దోస్తు వైర్లు కలిపిన తీరు చూడాలి, తొందరలో షాకు కూడా తగిలింది. హారనుకు వేసిన వెండి రంగు సగం దగ్గరే ఆగిపోయి ఉంది. చిక్కెం దొర అందుకున్నాడు. వీధి వీధంతా ఏడ్చింది. బాపు మగ్గం గదిలోకి పోయి మొఖం గోడకు పెట్టుకున్నాడు. అక్క మాత్రం ఏడవలేదు. లారీ ఎక్కేముందు నన్ను చూసి నాలుక బయటపెట్టి వెక్కిరించింది.

ఆ సెట్టు ఎంతో కాలం నడవలేదు. ఇల్లు పిలిచిందని ఊళ్లు కూడా పిలిచాయి, కొన్ని ఎండాకాలాలు మంచి బువ్వే తిన్నాం. తర్వాత క్యాసెట్లు వచ్చాయి, మూడు హారన్ల ఆయన కూడా ఇంట్లో కూర్చున్నాడు. నేను ఆటోకు మైకు కట్టుకొని సినిమాలు, జాతరలు, తప్పిపోయిన బర్రెలు ఊరికి చాటుకుంటూ బతికాను. నోటితోనే బతికాను. దొర రికార్డు అరిగి అరిగి, చివరికి గరగర మాత్రమే పాడేది. గంజి పట్టే వీధులు లేవు. ఇప్పుడు పెళ్లిళ్లలో డీజేలు. అప్పగింతలప్పుడు కూడా అదే చప్పుడు, ఎవరు ఏడ్చినా వినబడదు.

అయితే ఆషాఢంలో జరిగింది ఇంకా చెప్పలేదు.

కొత్త పెళ్లికూతుళ్లు ఆషాఢానికి పుట్టింటికి వస్తారు కదా, అక్క వచ్చింది. వాన పడి వెలిసింది. అక్క గద్దె మీద కూర్చొని ఉప్పు అద్దుకొని నేరేడు పండ్లు తింటోంది. నాలుక ఊదా రంగు. బాపు ఇచ్చిన మాట నిలబెట్టాలి కాబట్టి నేను సెట్టు బయటకు తెచ్చి, బట్టతో తుడిచి, ముల్లు చూసుకొని, చిక్కెం దొరను పెట్టాను. పెట్టి, మెచ్చుకుంటుందేమోనని ఎదురుగా కూర్చున్నాను.

కొంచెం విన్నది.

"బంద్ జెయ్యిరా, నీ దండం వెడ్త. ముక్కుల నుంచి పాడుతుండు. ఆయినకు పడిశం వట్టిందా ఏంది? మొదటి నుంచి గిది నాకు నచ్చనే లేదు."

నాకు మండింది. "మరి నువ్వే అడిగినవ్ గదనే! అందరి ముంగట, గడప వట్టుకొని నిలవడి!"

అక్క నోట్లోని గింజను వాకిట్లోకి ఊసింది.

"నేను అడిగింది పాటనారా?"

నాకు ఎవరేమన్నా వెంటనే ఏదో ఒకటి అనడం అలవాటు. ఆ రోజు మాత్రం అక్క పళ్లెంలోంచి ఒక నేరేడు పండు తీసుకొని నోట్లో వేసుకున్నాను.